పట్టిందెవరు, లేచిందెవరు

మాసాన్ చేపల మార్కెట్లో తక్ చిల్‌బోక్ గురించి ఎవరినడిగినా రెండు మాటలు చెబుతారు. అగ్వీ అనే పెద్దనోటి చేపను అతనంత బాగా ఎండబెట్టేవాడు ఈ తీరం మొత్తం మీద లేడని ఒకటి. మనిషి ముభావి అని రెండోది. మూడో మాట ఇరవై ఏళ్లపాటు అతని భార్యకు, అతనితో కలిసి హైస్కూల్లో బేస్‌బాల్ ఆడిన పదిమందికి తప్ప ఎవరికీ తెలియదు. చిల్‌బోక్ అసూయపరుడు. అది కూడా ఒకే ఒక్క మనిషి మీద, ఒకే ఒక్క బంతి గురించి.

అసూయ మనిషిని లోపల్నుంచి తినేస్తుందని పెద్దలు చెబుతుంటారు. చెప్పేవాళ్లు దాన్ని దగ్గర పెట్టుకుని కాపురం చేసి ఉండరు. చిల్‌బోక్‌ను అది తినలేదు సరికదా, రోజూ తెల్లారకముందే లేపి పనిలో పెట్టింది. ఒళ్లు గట్టిగా ఉంచింది. పక్కవాడు సరుకు ఇసుకతో పంపితే ఇతను రెండు నీళ్లు కడిగి పంపేవాడు. ఎందుకంటే అతని సరుకులో సగం వెళ్లేది యోమ్ హక్‌సూ హోటల్‌కి. హక్‌సూ ముందు మాట పడటం కంటే సముద్రంలో పడటం నయమని అతని లెక్క.

హక్‌సూ హోటల్ పేరు ‘ఆఖరి బంతి’. ఆ బంతి కథ మా ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. తెలిసిన కథలో తప్పుందన్నదే గొడవ.

హేఉన్ కామర్స్ హైస్కూలు జట్టు 1974లో జాతీయ పోటీల ఫైనల్‌కి వెళ్లింది. అంతకుముందు ఆ స్కూలు పేరు పక్క జిల్లాలో కూడా ఎవరూ విని ఉండరు. ఎదురుగా రాజధాని సియోల్ జట్టు. తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరి సగం. మనవాళ్లు ఒక్క రన్ ముందున్నారు. సియోల్ వాళ్లకి ఇద్దరు ఔటయ్యారు, ఇద్దరు బేసుల మీదున్నారు. ఇంకొక్కడు ఔటైతే జెండా మనది. బంతి ఫీల్డర్ల మధ్యలో నేల మీద పడితే ఆ ఇద్దరూ చుట్టు పూర్తి చేసి రెండు రన్లు తెస్తారు, జెండా వాళ్లది. బ్యాటర్ కొట్టిన బంతి ఎడమవైపు కంచె దిక్కుగా ఎత్తుకు లేచింది. వానల్లేక మైదానం ఎండిపోయి ఉంది. ఇద్దరు ఫీల్డర్లు దాని వెంట పరిగెత్తారు, ఇద్దరూ పడ్డారు, ధూళి లేచింది. అప్పట్లో మా ఊళ్లో టీవీ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నవాళ్లకీ కనిపించింది ఆ ధూళే. మిగతా ఊరంతా రేడియో ముందు ఉంది. రేడియోలో గుక్ ఇన్‌బే అనే వ్యాఖ్యాత గొంతు ఇలా అంది:

“బంతి పోతోంది, ఇంకా పోతోంది, ఎడమవైపు, ఇద్దరూ పరుగు, ఇద్దరూ పడ్డారు! ధూళి. ఏమీ కనబడటం లేదు. ఎవరు లేస్తారు? ఎవరు లేస్తారు? యోమ్ హక్‌సూ! కెప్టెన్ లేచాడు, చేతిలో బంతి, పైకెత్తాడు! మాసాన్ ప్రజలారా, ఇవాళ మీరు ఏడవొచ్చు!”

ఊరు ఊరంతా ఏడ్చింది.

బంతి పట్టింది హక్‌సూ కాదు. ఎడమ ఫీల్డర్ చిల్‌బోక్. దూకి, నేలకి జానెడెత్తున, చేతితొడుగు అంచుతో పట్టాడు. ఎడమచేతి చిటికెనవేలు అప్పుడే విరిగింది. మైదానం మధ్యలో ఫీల్డింగ్ చేస్తూ అటు పరిగెత్తుకొచ్చిన హక్‌సూ అతని కాళ్లకి తట్టుకుని పక్కన పడ్డాడు. దగ్గర్లో ఉన్న అంపైర్ పిడికిలి ఎత్తి ఔట్ అన్నాడు. అంపైర్లు పేర్లు చెప్పరు. అప్పుడు చిల్‌బోక్ ఒక పని చేశాడు. మోకాళ్ల మీద లేచి, ఆ బంతిని రెండు చేతులతో హక్‌సూకి ఇచ్చాడు.

ఆ పని వేరే దేశపు ఆటగాడు చేయడు. మన స్కూలు జట్ల సంగతి తెలిసినవాళ్లకి మాత్రం ఇందులో వింతేమీ లేదు. హక్‌సూ మూడో ఏడాది, పైగా కెప్టెన్. చిల్‌బోక్ రెండో ఏడాది. జూనియర్ చేతిలో ఏది విలువైనదున్నా సీనియర్ చేతికి వెళ్లాలి, అదీ రెండు చేతులా. దీన్ని గౌరవం అంటారు. అసలు విషయం ఏమిటంటే, ముందురోజు సెమీఫైనల్లో చిల్‌బోక్ ఒక బంతి వదిలేశాడు. దానికి ఆ సాయంత్రం సత్రం వెనకాల హక్‌సూ బ్యాటు తిరగేసి ఐదు దెబ్బలు వేశాడు. ఫైనల్ రోజు చిల్‌బోక్ బస్సులో నిలబడే వచ్చాడు. కింద పడిన కుర్రాడికి ఎదురుగా ఆ మొహం కనిపిస్తే చేయి దానంతటదే ముందుకెళ్లింది. హక్‌సూ లేచి బంతి ఎత్తాడు. మూడొందల అడుగుల దూరంలో, ధూళి పలచబడుతుండగా, గుక్ ఇన్‌బే చూసింది అదే. చూసింది చెప్పాడు. స్కోరు రాసేవాళ్లు ఆయన పక్కనే కూర్చుని అదే రాసుకున్నారు. పేపర్లు వాళ్లని చూసి రాసుకున్నాయి.

ఆ రాత్రికైనా ఎవరో ఒకరు సరిదిద్ది ఉండాల్సింది. జట్టులో జూనియర్లకి నోరు లేదు, సీనియర్లకి అవసరం లేదు. హక్‌సూ ఒక్కసారి చిల్‌బోక్ భుజం మీద చెయ్యేసి, “బాగా ఆడావురా” అన్నాడట. ఆ మాటకి అర్థమేమిటో చిల్‌బోక్ ఇరవై ఏళ్లు ఆలోచించాడు.

ఆ తరవాత హక్‌సూని ఒక బ్యాంకు తన జట్టులోకి తీసుకుంది. ఆట ముగిశాక అదే బ్యాంకులో కుర్చీ ఇచ్చింది. పదేళ్లకి మానేసి వచ్చి హోటల్ పెట్టాడు. పెళ్లిళ్లలో పెద్దమనిషిగా ప్రసంగాలు, పూర్వవిద్యార్థుల సంఘానికి అధ్యక్ష పదవి, ఎన్నికలప్పుడు ఇంటికొచ్చే కార్లు. చిల్‌బోక్‌కి వేలు సరిగ్గా అతుక్కోలేదు, ఏ జట్టూ పిలవలేదు. మామ చేపల యార్డులో చేరి, తర్వాత సొంతంగా చేపలు ఆరేసే చెక్క పందిళ్లు వేసుకున్నాడు. హక్‌సూ చెడ్డవాడైతే చిల్‌బోక్‌కి సుఖంగా ఉండేది. కాదు. సరుక్కి బేరమాడడు, పండక్కి పళ్లబుట్ట పంపిస్తాడు, ఎదురుపడితే “తమ్ముడూ, తిన్నావా?” అంటాడు. కడుపులో మంట పెట్టుకున్నవాడికి అవతలివాడి మంచితనమంత కష్టం ఇంకోటి లేదు.

హోటల్లో ఒక క్యాసెట్ ఉండేది. ఎవరో అభిమాని రేడియోలోంచి ఎక్కించుకున్న ఆఖరి ఇన్నింగ్స్. తాగినవాళ్లు అడిగితే హక్‌సూ మొహమాటపడుతూనే వేసేవాడు. చిల్‌బోక్ వారానికి రెండు మూడుసార్లు వెనక గుమ్మంలో చేపలు దింపుతూ వినేవాడు. ఎక్కడ గుక్ ఇన్‌బే దగ్గాడో, ఎక్కడ గుక్క తిప్పుకున్నాడో అతనికి కంఠతా వచ్చు. ‘ఎవరు లేస్తారు?’ అని రెండోసారి అన్నాక, పేరు చెప్పేముందు ఒక ఊపిరంత ఖాళీ ఉంది. ప్రతిసారీ ఆ ఖాళీలో ఈసారైనా తన పేరు వస్తుందేమో అనిపించేదట. ఈ మాట అతను ఒక్క భార్యకే చెప్పాడు.

భార్య ఓక్‌బున్ నోరు మార్కెట్లో ప్రసిద్ధం. ఆమెకి ఈ బంతి కథ పెళ్లయిన మూడో ఏట తెలిసింది.

“వేలు చేప కరిచిందని పెళ్లిచూపుల్లో చెప్పావుగా” అంది మొదట.

తరవాత చాలాసేపు ఆలోచించి, “సరే, పట్టింది నువ్వే. ఇచ్చిందెవరు?” అంది.

అతని అసూయ ఎక్కువ లోతుకు దిగకుండా ఆపింది ఆ ప్రశ్నే అనుకుంటాను. పూర్తిగా దొంగిలిస్తే తిట్టొచ్చు. చేతికిచ్చిన దాన్ని ఉంచుకున్నవాణ్ణి ఏమని తిట్టడం?

1994 వేసవిలో గొడవ మొదలైంది. అది చిల్‌బోక్ మొదలుపెట్టింది కాదు. మొదలుపెట్టినవాడు భూముల సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన బాంగ్ సున్‌చోల్. వయసు అరవై దాటింది. హేఉన్ జట్టు ఆటలు నలభై ఏళ్లుగా ఒక్కటీ వదలని మనిషి. ఫైనల్‌కి మాత్రం వెళ్లలేకపోయాడు, ఆరోజు ఎక్కడో కొండమీద గొలుసు పట్టుకుని కొలతలు వేస్తున్నాడు. ఆ బాధ ఆయనకీ ఉంది. మల్‌న్యో నడిపే తాగుడు కొట్టు ఆయన అడ్డా. మా ఊరి పద్ధతి తెలుసుగా, బకెట్టు ఐసులో సీసాలు పెట్టి ఇస్తారు, బకెట్టు మారినప్పుడల్లా తినుబండారాలు మారుతుంటాయి. రెండో బకెట్టుకి ఉడికించిన నత్తలు వచ్చేసరికి బాంగ్ పెద్దాయన జేబులోంచి ఒక కాగితం తీశాడు.

ఆయన వాదన ఇది. అదే క్యాసెట్‌లో, ఆ బంతికి ముందు గుక్ ఇన్‌బే ఒక మాట అంటాడు: ‘యోమ్ హక్‌సూ నాలుగైదు అడుగులు కుడివైపుకి జరిగాడు’ అని. అందరూ ఆఖరి కేక కోసం చెవులు పెట్టుకుని ఉంటారు కాబట్టి ఆ మాట ఎవరికీ వినబడలేదు. పెద్దాయన గడియారం పెట్టుకుని విన్నాడు. బ్యాటు శబ్దం నుంచి స్టేడియంలో జనం హోరు దాకా ఐదు సెకన్లు. కుడికి జరిగిన మనిషి ఎడమ కంచె దగ్గరికి చేరాలంటే ఆరున్నర కావాలి, అదీ లేడిపిల్ల అయితే.

“చేరడం చేరాడు. బంతి పట్టడం అయిపోయాక చేరాడు” అన్నాడు.

“అంటే వ్యాఖ్యాత గుడ్డివాడా?” అని ఒకడు లేచాడు.

“ఒక మాటలో గుడ్డివాడు, ఇంకో మాటలో కళ్లున్నవాడు. నేను ఆయన్ని ఆయన మాటతోనే పట్టుకుంటున్నాను.”

బల్లలు రెండు పక్షాలయ్యాయి. స్టేడియంలో సూర్యుడు ఎటున్నాడు, ఆ కంచె ఎత్తెంత, మైదానం ఇప్పుడు ఎలా మారిపోయింది, రేడియో వ్యాఖ్యానం నిజానికి ఎంత ఆలస్యంగా నడుస్తుంది. చూసినవాడొక్కడూ లేడు కాబట్టి అందరికీ గట్టి అభిప్రాయాలున్నాయి. మల్‌న్యో కంచం బల్ల మీద గట్టిగా పెట్టి తన తీర్పు చెప్పింది.

“ఆ రోజు నేను రేడియో ముందు కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. నా ఏడుపు అబద్ధమంటావా పెద్దాయనా?”

“నీ ఏడుపు నిజమేనమ్మా. పేరే తప్పు.”

చిల్‌బోక్ గోడవారగా కూర్చుని ఉన్నాడు. నత్తని పుల్లతో గుచ్చి పట్టుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి తన తరఫున ఒక మనిషి కొట్లాడుతున్నాడు, ఆ సంగతి ఆ మనిషికే తెలియకుండా. సరిగ్గా అప్పుడే హక్‌సూ లోపలికొచ్చాడు. హోటల్ కట్టేసే లోపు ఒక గుక్క తాగిపోవడం ఆయన అలవాటు. జనం ఇద్దరు ముగ్గురు ఒకేసారి వాదన మొత్తం అప్పజెప్పారు. హక్‌సూ నవ్వాడు. నవ్వి, కుర్చీ లాక్కుని, “నన్నెందుకు, ఎడమ ఫీల్డర్ ఇక్కడే ఉన్నాడుగా. అడగండి” అన్నాడు.

కొట్టంతా చిల్‌బోక్ వైపు తిరిగింది.

ఒక్క మాట చాలు. కానీ హక్‌సూ ఆ మాటని తను అనకుండా ఇతని మీదకి తోశాడు. జూనియర్ నోటితో సీనియర్‌ని అబద్ధాలకోరు చేయించే పని అది. చేయడని హక్‌సూకి తెలుసు. చేయడని హక్‌సూకి తెలుసన్న సంగతి చిల్‌బోక్‌కి తెలుసు. పైగా అతను కోరుకుంటున్నది తను చెప్పుకోవడం కాదు. ఎవరి చేతికిచ్చాడో వాళ్లే తిరిగి ఇవ్వాలి.

“అన్నే పట్టాడు” అన్నాడు చిల్‌బోక్.

బాంగ్ పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒప్పుకున్నట్టు మాత్రం మొహం పెట్టలేదు.

ఇంటికెళ్లి చెబితే ఓక్‌బున్ చేస్తున్న పని ఆపి చూసింది. “అడిగితే కూడా చెప్పలేదా?”

“ఆయన చెప్పాలి.”

“ఆయనకేం పట్టింది? చూడు మిరే నాన్నా, చెబితే చెప్పు, లేకపోతే కుళ్లుకో. రెండూ ఒకే కుండలో వండకు.”

పెద్దాయన ఊరుకునే రకం కాదు. సరిహద్దు రాయి తప్పుగా పాతితే నిద్రపట్టని ఉద్యోగం చేసినవాడు. కొలతలన్నీ వేసి గుక్ ఇన్‌బేకి ఉత్తరం రాశాడు. ఆయన ఎప్పుడో రిటైరై సియోల్ పక్కన కూతురింట్లో ఉంటున్నాడు. మూడు వారాలకి జవాబొచ్చింది. దాన్ని మల్‌న్యో కొట్లో పైకి చదివారు. ‘మీ లెక్క చూశాను. ఆ బంతి మీద నాకూ చాలా ఏళ్లుగా ఒక అనుమానం ఉంది. అక్టోబరులో మీ ఇరవయ్యేళ్ల సభకి పిలిచారు. వచ్చి మాట్లాడతాను.’

ఆ ఉత్తరం సంగతి తెల్లారేసరికి ఊరంతా పాకింది. చిల్‌బోక్ వారం రోజులు నేల మీద నడవలేదు. జుట్టు కత్తిరించుకున్నాడు. కూతురు మిరేని పంపించి తెల్లచొక్కా కొనిపించాడు. చేపలు కడుగుతూ తనలో తను గొణుక్కుంటుంటే ఓక్‌బున్ విన్నది: ‘తక్ చిల్‌బోక్! తక్ చిల్‌బోక్ లేచాడు!’ విననట్టు ఊరుకుంది. ఆమె జీవితంలో విననట్టు ఊరుకున్న సందర్భం అదొక్కటే కావచ్చు.

సభ ఆదివారం మధ్యాహ్నం, స్కూలు వ్యాయామశాలలో. నాలుగొందల మంది. గోడకి గుడ్డ కట్టి పెద్దక్షరాలు. జట్టులో బతికున్నవాళ్లంతా వేదిక మీద కూర్చున్నారు, ఏడాదుల వరసలో, అంటే చిల్‌బోక్ రెండో వరస చివర. వేదిక మధ్యలో గుక్ ఇన్‌బే. సన్నటి ముసలాయన. ఆ గొంతు ఇంత చిన్న ఒంట్లోంచి వచ్చిందా అని జనం గుసగుసలాడారు. ముందు అధ్యక్షుడి స్వాగతం. అధ్యక్షుడు హక్‌సూ.

హక్‌సూ మైకు ముందుకొచ్చి కాగితం తీశాడు, చూశాడు, మళ్లీ జేబులో పెట్టాడు.

“ఇరవై ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పెద్దలు గుక్ గారి ముందు, మీ అందరి ముందు దించుకుంటాను. ఆ బంతి నేను పట్టలేదు.”

చిల్‌బోక్ కూర్చున్న చివరి కుర్చీ వైపు చెయ్యి చూపించాడు.

“పట్టింది నా జూనియర్ తక్ చిల్‌బోక్. వేలు విరిగి కిందపడి ఉన్నా, వాడికి ముందు సీనియర్ గుర్తొచ్చాడు. రెండు చేతులా తెచ్చి నాకిచ్చాడు. ఇలాంటి గౌరవం ఈ రోజుల్లో ఎక్కడ చూస్తాం? అది తీసుకుని నేను దొరనయ్యాను. తమ్ముడూ, నన్ను క్షమించు.” అని ఈ చివరినుంచి ఆ చివరకి నడిచి వెళ్లి, చిల్‌బోక్ ముందు నడుం దాకా వంగాడు.

సీనియర్ వంగితే జూనియర్ కూర్చోకూడదు. చిల్‌బోక్ గభాలున లేచి అంతకంటే కిందకి వంగాడు. అది ఆలోచించి చేసింది కాదు, నడుముకి నేర్పిన చదువు. పత్రికవాడు ఫొటో తీసింది అప్పుడే. మర్నాడు అచ్చయిన బొమ్మలో హక్‌సూ కళ్లనీళ్లు స్పష్టంగా కనిపిస్తాయి, చిల్‌బోక్‌ది నడినెత్తి కనిపిస్తుంది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆగితే మళ్లీ కొట్టారు. ముందు వరసలో మల్‌న్యో చేతిరుమాలు తడిపేస్తోంది. “ఎంత పెద్ద మనసు, ఎంత పెద్ద మనసు” అని పక్కవాళ్లకి చెబుతోంది. ఎవరి మనసన్నది అడగక్కర్లేదు. వెనకెవరో, ఒప్పుకోవడానికి గుండె కావాలయ్యా అన్నారు. ఇంకెవరో, పట్టినా ఇంత పేరొచ్చేది కాదన్నారు.

చిల్‌బోక్ వేదిక అంచుకి వచ్చి, కింద కూర్చున్న భార్యతో పళ్ల మధ్యనుంచి ఒక మాట అన్నాడు.

“చూశావా? దీన్ని కూడా పట్టేశాడు.”

ఓక్‌బున్‌కి నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని తల దించుకుంది.

హక్‌సూ తిరిగి ఇవ్వాలని చిల్‌బోక్ ఇరవై ఏళ్లు కోరుకున్నాడు. ఇచ్చాడు. నాలుగొందల మంది ముందు ఇచ్చాడు. అందులో తిట్టడానికి ఏమీ లేదు. ఉత్తరం రాకపోయి ఉంటే ఇచ్చేవాడా అన్న ప్రశ్న ఒక్కటి ఉంది, దాన్ని ఆ చప్పట్లలో అడిగేదెవరు? పెళ్లిళ్లలో ఇక ఈ కథే నడుస్తుంది: బంతి పట్టినవాడి కథ కాదు, ఒప్పుకున్నవాడి కథ. చిల్‌బోక్‌కి చెవులు వేడెక్కాయి. నిన్నటిదాకా ఆయన దగ్గర ఒక్కదానికే కుళ్లుకునేవాడు, ఇవాళ్టితో రెండయ్యాయి.

అప్పుడు గుక్ ఇన్‌బే లేచాడు. జనం ఒకటే అరుపు: మళ్లీ చెప్పండి, సరైన పేరుతో చెప్పండి, ఆ ఆఖరి బంతి. హక్‌సూ కూడా చేతులు జోడించి అడిగాడు. ముసలాయన మైకు ఎత్తు తగ్గించుకుని, ఎప్పటి గొంతుతోనే, కొంచెం తగ్గించి, “నేను చెప్పలేను” అన్నాడు.

అరుపులు ఆగాయి.

“నా ఉద్యోగం చూసింది చెప్పడం. ఒక కుర్రాడు బంతి పట్టుకుని లేవడం చూశాను, పట్టాడన్నాను. అక్కడ నాది తప్పు. లేచాడు అని ఆగాల్సింది. ఇప్పుడు చూడని దాన్ని చూసినట్టు చెబితే రెండో తప్పు. చేసిన మనిషి ఉన్నాడు. ఆయన్నే చెప్పమనండి.” అని మైకు తెచ్చి చిల్‌బోక్ చేతిలో పెట్టాడు.

నాలుగొందల మంది. చేతిలో మైకు. ఎదురుగా ఓక్‌బున్. చిల్‌బోక్ గొంతు సవరించుకున్నాడు. ఆ బంతి గురించి అతని లోపల ఎప్పుడూ మోగింది ఒక్క గొంతే, ఒక్క వరస మాటలే. అవే బయటికొచ్చాయి.

“బంతి పోతోంది, ఇంకా పోతోంది, ఎడమవైపు, ఇద్దరూ పరుగు, ఇద్దరూ పడ్డారు. ధూళి. ఎవరు లేస్తారు? ఎవరు లేస్తారు? యోమ్ హక్‌సూ…”

నోట్లోంచి వచ్చేశాక ఆగాడు.

ముందు ఎవరూ నవ్వలేదు. తరవాత ఒక మూల మొదలై హాలంతా నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, పాపం అనుకునే నవ్వు. ఆ రెండింటిలో చిల్‌బోక్‌కి ఏది ఎక్కువ మంటో చెప్పనక్కర్లేదు. హక్‌సూ సర్దిచెప్పడానికి లేవబోయాడు. చిల్‌బోక్ వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి, కూర్చోమన్నట్టు ఊపాడు. సీనియర్‌కి ఎడంచేత్తో. ఆ వంకర చిటికెనవేలు హాలంతటికీ కనిపించింది.

“అది ఆయన చెప్పింది. నాది చెబుతాను” అన్నాడు.

చెప్పాడు. చక్కగా చెప్పాడని అనలేను. సూర్యుడు కళ్లలో పడితే బంతి నల్లగా కనిపించిందన్నాడు. గాలి ఎడమనుంచి వీస్తోందని, అందుకని ముందు రెండడుగులు తప్పుగా వేశానని, తర్వాత సర్దుకున్నానని అన్నాడు. దూకినప్పుడు పట్టాలన్న ఆలోచన లేదు, నిన్నటి దెబ్బలు మళ్లీ తినకూడదన్న ఆలోచన ఉందన్నాడు.

“హక్‌సూ అన్న గౌరవం అన్నాడు. గౌరవం కాదు. ముందురోజు సాయంత్రం అన్న నన్ను బ్యాటుతో ఐదు కొట్టాడు. ఆ మొహం కనిపించింది, ఇచ్చేశాను. ఇవ్వకుండా ఉండాల్సింది. ఇచ్చిన దగ్గర్నుంచి నాకు ఆయన్ని చూస్తే కుళ్లు. ఇప్పటికీ ఉంది. ఆయన వంగినా పోలేదు.”

ఇది సభల్లో చెప్పే మాట కాదు. పెద్దలు నేల చూపులు చూశారు. మంచి రోజు పాడుచేశాడన్న గొణుగుడు ఒకటి బయల్దేరింది. వేదిక మీద మొదటి వరస సీనియర్లు మాత్రం ఎందుకో కాళ్లు సర్దుకుని కూర్చున్నారు. రెండో వరసలో, ఇప్పుడు తలలు నెరిసిన జూనియర్లలో ఒకడు, “నాకు ఏడు” అన్నాడు గట్టిగా. ఇంకొకడు కిసుక్కుమన్నాడు. ఓక్‌బున్ చప్పట్లు కొట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని మొగుణ్ణే చూస్తోంది, మార్కెట్లో కొత్త రకం చేపని చూసినట్టు.

ఆ ఇబ్బంది ఇంకొంచెంసేపు సాగితే సభ ఎలా ముగిసేదో తెలియదు. బాంగ్ పెద్దాయన మూడో వరసలోంచి లేచి, జేబులోంచి కాగితం తీశాడు.

“ఒక్క నిమిషం. గాలి ఎడమనుంచి అన్నావా?”

“అన్నాను.”

“కుదరదు. ఆ రోజు వాతావరణం ఆఫీసు కాగితం నా దగ్గరుంది. గాలి కుడినుంచి. అందుకే బంతి కంచె దాకా పోయింది.”

“నా చెంపకి తగిలిన గాలి నాకు తెలియదా పెద్దాయనా?”

“చెంప సంగతి నాకనవసరం. రెండడుగులు తప్పుగా వేస్తే నీకూ ఐదు సెకన్లు చాలవు. అయితే నువ్వు బ్యాటుకి బంతి తగలకముందే కదిలి ఉండాలి.”

“కదల్లేదు.”

“కదిలావు. లెక్క చెబుతోంది.”

“పట్టింది నేనా, నీ లెక్కా?”

హాలు ఊపిరి పీల్చుకుంది. క్షణంలో కుర్చీలు చప్పుడయ్యాయి. చిల్‌బోక్ అసలు ఎక్కడ నిలబడ్డాడు, కంచెకి ఎన్నడుగుల ముందు, అతన్ని అక్కడ పెట్టింది కోచా, తనంతట తానే నిలబడ్డాడా. మల్‌న్యో కన్నీళ్లు తుడుచుకుని, రెండడుగులు తప్పుగా వేయడం కథకి ఏమీ బాగాలేదని అభ్యంతరం చెప్పింది. గుక్ ఇన్‌బే కుర్చీ ముందుకి లాక్కుని, ధూళి ముందు ఎక్కడ లేచిందో ఒకసారి చెప్పమని చిల్‌బోక్‌ని అడుగుతున్నాడు. చిల్‌బోక్ వేదిక దిగి జనం మధ్యలోకి వచ్చేశాడు. రెండు కుర్చీలు కంచె అయ్యాయి, ఒక టీ గ్లాసు బంతి అయింది. మొహం ఎర్రబడింది, చొక్కా నడుం దగ్గర బయటికొచ్చింది. అతను అంతసేపు మాట్లాడటం మా ఊరు అంతకుముందు చూడలేదు. జాలిపడటానికి ఎవరికీ తీరిక లేదు. అది అతని బంతి కాబట్టి అందరూ అతనితో పోట్లాడుతున్నారు.

హక్‌సూ వేదిక దిగి వచ్చి ఆ గుంపు అంచున నిలబడ్డాడు. కాసేపు విన్నాడు. ఒక ఖాళీ చూసుకుని, “గాలి సంగతి నేను చెబుతాను, నేను పక్కనే ఉన్నానుగా…” అని మొదలుపెట్టాడు.

“నువ్వూరుకోవయ్యా హక్‌సూ” అన్నాడు బాంగ్ పెద్దాయన తలెత్తకుండా. “నువ్వు పట్టలేదుగా.”

ఎవరూ నవ్వలేదు. ఎవరికీ అది హాస్యంగా తోచలేదు, పని మధ్యలో అన్న మాట. గుంపు మళ్లీ కుర్చీల మీదకి వంగింది. హక్‌సూ నోరు మూసుకుని, అలాగే అంచున నిలబడి, లోపలి మనుషుల భుజాల మీదుగా మెడ చాచి చూస్తున్నాడు. చిల్‌బోక్ ఒక్కసారి తలెత్తి ఆ మొహం చూశాడు. ఆ చూపు ఏమిటో అతనికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ అతని మనసు కరిగిందని రాయాలని ఎవరికైనా ఉంటుంది. కరగలేదు. అన్నకి లోపలికి దారి ఇవ్వలేదు. టీ గ్లాసుని రెండంగుళాలు ఎడమకి జరిపి, గాలి ఇటునుంచే అని పెద్దాయనతో మళ్లీ మొదటినుంచి వాదనకి దిగాడు.